గాజుతీగయు మన బడిపిల్లలును

మన పట్టణమునకు వచ్చు యాత్రికులలో మెదకు చర్చిని చూడక పోవువారు అరుదు. చూడవచ్చినవారిలో అందలి మూడు రంగుటద్దముల కిటికీల యెదుట నిలువనివారు మరియు నరుదు. 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడమున కవి 1927, 1947, 1958 సంవత్సరములలో ఒక్కొక్కటిగా వచ్చి చేరినవి. పగటివేళ అవి నీలము, ఎరుపు, పసుపు వన్నెలతో వెలుగును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట లోపల నిలిచి చూచినవారికి నల్లని గోడవలె నుండును. గాజు అదియే, చిత్రము అదియే. వెలుపలి వెలుతురు లేకపోవుటయే భేదము. విద్యార్థుల నచ్చటికి తోడ్కొని పోయినప్పుడెల్ల మేమీ సంగతిని వారికి చూపుచుందుము. గాజు వెలుతురును పుట్టింపదు. వచ్చిన వెలుతురును తనలోనుండి పోనిచ్చునంతే.

ఈ సంవత్సరము ఆ మాటయే మాకు మరియొక సందర్భమున జ్ఞప్తికి వచ్చినది. మా పాఠశాల కార్యాలయమువరకు వచ్చియున్న ఫైబరు తీగను తరగతి గదులకును ప్రయోగశాలకును గొనిపోవలెనా, అక్కరలేదా యని తలిదండ్రుల సమావేశములో ప్రస్తావన కలిగెను. ఒక పెద్దమనిషి, "అయ్యా, ఇప్పుడందరి చేతులలోను ఫోనులున్నవి. టవరు నాలుగడుగుల దూరములో నున్నది. మరల తీగ యెందుకు?" అనిరి. వేరొకరు, "ఇకముందు కరెంటుతో పనిలేక వెలుతురుతోనే సర్వమును నడుపు యంత్రములు వచ్చునట. అప్పుడు ఇప్పటి తీగ పాతబడిపోవును గదా! నాలుగేండ్లు ఆగుట మంచిది" అనిరి. ఇరువురును పిల్లల మేలుకోరియే పలికిరి. అయినను వారి మాటలతో మే మేకీభవింపజాలము. ఏలనో ఈ సంచిక మూలమున విన్నవించుకొనుచున్నాము.

మొదట ఆ తీగ యెట్టిదో చూతము. పైతొడుగు లన్నియు తీసివేసినచో లోపల మిగులునది మన తలవెండ్రుకకంటె కొంచెము మందమైన గాజుపోగు. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. ఆ పోగులోను వెలుతురు పయనించునది నడిమి భాగమందే. దాని కొలత మిల్లీమీటరులో వెయ్యింట తొమ్మిది వంతులు మాత్రమే. లోపలి గాజుకును వెలుపలి గాజుకును గల స్వల్పభేదమువలన వెలుతురు అంచును తాకినప్పుడెల్ల మరల లోపలికే త్రిప్పబడుచు ముందునకు సాగును. దీనినే పదవ తరగతి పుస్తకములో సంపూర్ణాంతర పరావర్తన మందురు. 1841వ ప్రాంతమున జెనీవా నగరములో కొలడాన్ అను ఆచార్యుడు నీటిధారతో దీనిని చూపెను. మా విద్యార్థులును ఒక సీసాకు రంధ్రము చేసి, కారుచున్న నీటిధారలోనికి వెనుకనుండి లేసరు వెలుతురును పంపి, ధార వంగినచోటనెల్ల వెలుతురును వంగివచ్చుట కన్నులార చూచినారు. లేసరును మాత్రము ఎవరును కంటితో నేరుగా చూడరాదు.

నీటిధారలో జానెడు దూరము పోవుట వేరు, గాజులో కోసుల కొలది పోవుట వేరు. పంజాబు దేశములోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954లో హాప్కిన్సు అను ఆచార్యునితో కలిసి, గాజుపోగుల కట్టద్వారా చిత్రమును పంపవచ్చునని లోకమునకు తెలిపెను. అయినను ఆనాటి గాజులో వెలుతురు కొలది గజములలోనే ఇంకిపోవుచుండెను. 1966లో చార్లెస్ కావ్ అను శాస్త్రజ్ఞుడు, దోషము గాజుది కాదు, గాజులోని మాలిన్యముది అని వాదించెను. మాలిన్యమును తీసివేసి, కిలోమీటరు దూరము పోయిన పిమ్మట నూటికి ఒక పాలు వెలుతురు మిగిలినను వార్తలు పంపవచ్చునని లెక్కగట్టెను. 1970లో అమెరికాలోని కార్నింగు గాజు సంస్థవారు అట్టి పోగును తీసి చూపిరి. నేటి పోగులో పదునైదు కిలోమీటర్లు పోయిన తరువాతను సగము వెలుతురు మిగిలియుండును. కావ్ గారికి 2009లో నోబెలు బహుమానము లభించెను.

ఇక ఆ పోగు ఎంత మోయగలదు? చర్చి కిటికీనే మరల తలచుకొనుడు. ఒకే సూర్యకాంతిలో అన్ని వన్నెలును కలిసియున్నవి. ఒక వన్నె మరియొక వన్నెను అడ్డగింపదు. అట్లే ఒక్క గాజుపోగులో ఎనుబది తొంబది వన్నెల కాంతిని ఒకేసారి పంపి, అవతలి కొనయందు వేటికవి విడదీయవచ్చును. ఇవి కంటికి కనబడు వన్నెలు కావు, ఎరుపునకు ఆవలివి. ఒక్కొక్క వన్నెమీద సెకండునకు 400, 800 గిగాబిట్ల సమాచారమును పంపు యంత్రములు నేడు వ్యాపారములో నున్నవి. 2024లో జపాను దేశపు పరిశోధకులును, వారితోకూడిన ఇతర దేశీయులును, మామూలుగా దొరకు ఒక్క పోగులో 50 కిలోమీటర్ల దూరము సెకండునకు 402 టెరాబిట్లు పంపి చూపిరి.

ఈ సంఖ్య వినుటకు పెద్దదేగాని మనసునకు పట్టదు. కావున మా తరగతిలో దీనిని లెక్కగా నిచ్చితిమి. ఒక పాఠమును తెరమీద చక్కగా చూచుటకు సెకండునకు 4 మెగాబిట్లు చాలుననుకొందము. 402 టెరాబిట్లలో అట్టివి పదికోట్లు పట్టును. 2011వ జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనసంఖ్య 8 కోట్ల 46 లక్షలు. అనగా ముసలి, ముతక, పసిబిడ్డలతో సహా తెలుగునాటి జనులందరును ఒకే నిమిషమున వేరువేరు పాఠములు చూడగోరినను, ఒక్క గాజుపోగు వారందరికిని అందించి ఇంకను మిగులును. ఇది ప్రయోగశాలలోని మాట. ఊరిలోని మాట కాదు. అయినను దీనినిబట్టి ఒక్క నిజము తేలుచున్నది. గాజునకు చాలమి లేదు.

మరి తెరమీది పాఠము మధ్యలో ఏల ఆగిపోవుచున్నది? లోపము గాజులో లేదు, కొనలయందును కూడళ్లయందును ఉన్నది. పూర్వము టపా పరుగువాడు ఒక మజిలీనుండి మరియొక మజిలీకి సంచిని మోసికొని పోవుచుండెను. ప్రతి మజిలీలోను సంచి విప్పవలెను, జాబుల పైవిలాసములు చదువవలెను, వేరుచేసి క్రొత్త సంచులలో కట్టవలెను. పరుగువా డెంత వేగముగా పోయినను మజిలీలో ఆలస్యము తప్పదు. ఇప్పుడును అంతే. గాజులో వెలుతురు సెకండునకు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి మన పట్టణమునకు వచ్చుటకు సెకండులో రెండువేలవ వంతు చాలును. కాని ప్రతి కూడలియందును వెలుతురును విద్యుత్తుగా మార్చి, విలాసము చదివి, మరల వెలుతురుగా మార్చి పంపవలసియున్నది. యంత్రముల ఖర్చు, కరెంటు ఖర్చు, వేడి, ఆలస్యము అన్నియు అచ్చటనే.

ఈ మార్పిడిని మాన్పవలెనని శాస్త్రజ్ఞులు చాల కాలమునుండి పాటుపడుచున్నారు. మొదటి గెలుపు 1987లో వచ్చినది. ఎర్బియము అను లోహమును కొంచెము కలిపిన గాజుపోగులో బలహీనపడిన వెలుతురు వెలుతురుగానే బలము పుంజుకొనునట్లు ఇంగ్లండులో డేవిడ్ పెయిన్ బృందమువారును, అమెరికాలో డెసర్వైర్ మొదలగువారును చేసి చూపిరి. అప్పటినుండి సముద్రములు దాటు తీగలలో మధ్యమధ్య విద్యుత్తుగా మార్చు నవసరము తీరినది. రెండవది, వన్నెలను వేరుచేసి ఏ వన్నె ఏ దారిని పోవలెనో ఆ దారిని పంపు యంత్రములు. ఇవి నేడు పెద్ద నగరముల మధ్య పనిచేయుచున్నవి. మూడవది, ఇసుకగింజలంతటి చిన్న అద్దములను ఇటునటు త్రిప్పి వెలుతురును ఒక తీగనుండి మరియొక తీగలోనికి మళ్లించు యంత్రములు. 2000వ సంవత్సరపు ప్రాంతమున ఇట్టివి గొప్పగా ప్రకటింపబడినవి. పిమ్మట తంతివర్తక మంతయు క్రుంగిపోగా వాటిలో పెక్కు మూలబడినవి. ఇటీవల గూగుల్ సంస్థ తన లెక్కయంత్రముల భవనములలో అట్టి అద్దములనే వాడుచున్నట్లు 2022లో ప్రకటించినది.

ఈ విద్యలో మన తెలుగునాటి వారును వెనుకబడలేదు. వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదివి మదరాసు ఐ.ఐ.టి.లో ఆచార్యులైన సి. శివరామమూర్తిగారు, మోహన్ గురుసామిగారితో కలిసి, బహువర్ణ కాంతిజాలములనుగూర్చి వ్రాసిన గ్రంథము ఉన్నత తరగతులవారికి పాఠ్యముగా నున్నది.

ఐనను సర్వమును వెలుతురుతోనే నడుపుటకు ఒక గొప్ప యాటంకము గలదు. జాబు మజిలీలో ఒక నిమిషమైనను ఆగవలెను. దాని విలాసము ఎవరో చదువవలెను. విద్యుత్తును నిలుపుటకు కొట్టు గలదు. వెలుతురును నిలుపుటకు కొట్టు లేదు. దానిని గాజుపోగు చుట్టలలో త్రిప్పుచు కాలము గడుపవలసినదే. సెకండులో పదిలక్షలవ వంతు నిలుపవలెనన్న 200 మీటర్ల పోగు కావలెను. ఒక్క సెకండు నిలుపవలెనన్న రెండులక్షల కిలోమీటర్ల పోగు కావలెను! కావున ఒక్కొక్క జాబును విడివిడిగా వెలుతురుతోనే చదివి పంపు యంత్రము ఇంకను ప్రయోగశాలను దాటి రాలేదు. నాలుగేండ్లు ఆగుదమన్న పెద్దలు ఈ సంగతి గమనింపవలెను.

మరియొక సంగతియు గమనింపవలెను. అట్టి యంత్రము రేపే వచ్చినను పాతబడునది కొనలందలి పెట్టెలే గాని గాజు కాదు. ఇండ్లకు వచ్చు తీగలయందే దీనికి నిదర్శనము గలదు. పట్టణములోని కేంద్రమునుండి వచ్చు ఒక్క పోగు, వీధిలోని ఒక చిన్న పెట్టెలో ముప్పదిరెండు పాయలుగా, ఒక్కొక్కచో అరువదినాలుగు పాయలుగా చీలును. ఆ పెట్టెకు కరెంటు అక్కరలేదు. గాజే వెలుతురును పంచును. అనగా వెలుతురుతోనే నడచు దారి మన వీధిలోనికి ఎప్పుడో వచ్చియున్నది. దానిలో సెకండునకు రెండున్నర గిగాబిట్లు వచ్చి ఇండ్లన్నిటికిని పంచబడును. ముప్పదిరెండిండ్లవారును ఒకేసారి వాడినను ఇంటికి సుమారు 78 మెగాబిట్లు దక్కును. అదే పోగుమీద, అదే పాయలపెట్టెతో, కొనలందలి యంత్రములను మాత్రము మార్చి పది గిగాబిట్లు పంపు పద్ధతియు వచ్చినది. ఒకసారి వేసిన గాజు మన పిల్లల పిల్లలకును పనికివచ్చునని మేము నమ్ముట ఇందువలననే.

ఇక ఫోను చాలునన్నవారి మాట. ఫోనునుండి టవరువరకే గాలిలో పయనము. టవరునుండి ఆవలికి పోవునది చాలచోట్ల ఈ గాజుతీగమీదనే. ఊరిబావిలో నీరున్నదా లేదా యని చూడక, నా చేతిలో చెంబున్నది గదా యన్నట్లున్నది ఆ వాదము. పైగా ఒక టవరు క్రింద ఎందరున్నారో అందరును ఆ గాలిని పంచుకొనవలెను. నలువదిమంది పిల్లలున్న తరగతి ఒకేసారి పాఠము తెరచినచో ఏమగునో మేము చూచియున్నాము.

చూచిన మరియొక సంగతిని చెప్పక తప్పదు. 2020వ సంవత్సరపు అంటురోగ కాలమున బడులు మూతపడగా, మన రాష్ట్రములో సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పబడెను. అది మేలైన పనియే. కాని ప్రసారము ఒకవైపునుండియే వచ్చును. సందేహము అడుగుటకు వీలు లేదు. సందేహములకై మేము ఫోనులో పిల్లలను కలిసికొనుచుంటిమి. మా బడిపిల్లలలో ఒక బాలిక తండాలో నుండెడిది. ఇంటిలో ఒక్కటే ఫోను. తండ్రి పొలమునుండి వచ్చిన పిమ్మట దానిని తీసికొని, సిగ్నలు కొరకు చెరువుకట్ట యెక్కి, చీకటిలో నిలిచి లెక్కలు అడుగుచుండెను. "సార్, వినబడుతున్నదా?" అను మాటతోనే సగము కాలము గడచిపోయెడిది. కొన్నినాళ్లకు ఆ పిలుపు మానెను. బడి తెరచిన తరువాత ఆ పిల్ల తిరిగి రాలేదు. విచారింపగా పెండ్లి చేసితిమనిరి. తీగ యున్నచో ఆ పెండ్లి ఆగియుండునని మేము చెప్పజాలము. కాని ఆ పిల్ల బడితో పట్టుకొనియున్న చివరి దారము ఆ చెరువుకట్టమీద తెగినదని మాత్రము ఎరుగుదుము. ఆ దారము ఇంకొంచెము గట్టిగా నుండవలసినది.

గ్రామములకు గాజుతీగ తెచ్చు పని దేశములో చాలనాళ్లనుండి జరుగుచున్నది. 2011లో కేంద్ర ప్రభుత్వము రెండున్నర లక్షల గ్రామపంచాయతీలకు తీగ వేయ సంకల్పించినది. ఆ పనికే పిమ్మట భారత్‌నెట్ అను పేరు వచ్చినది. పొరుగున ఆంధ్రప్రదేశ్ వారు విద్యుత్ స్తంభములమీదుగా సుమారు 23 వేల కిలోమీటర్ల తీగను లాగి, 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతిచేత ప్రారంభింపజేసిరి. స్తంభములమీది పని త్వరగా తెమలును, ఖర్చు తక్కువ. గాలివానకు మాత్రము భయము. మన రాష్ట్రము వేరొక దారి త్రొక్కినది. 2016 ఆగస్టు 7వ తేదీన అప్పటి మన మెదకు జిల్లాలోనిదైన గజ్వేలు దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమయ్యెను. ఆ నీటిగొట్టములకై త్రవ్విన కందకములలోనే తీగకును దారి విడుచుట టీ-ఫైబర్ ఏర్పాటు. తీగ వేయుటలో పెద్దఖర్చు గాజునకు గాదు, త్రవ్వకమునకు. ఒక్క త్రవ్వకముతో నీరును వెలుతురును తెచ్చుట మెచ్చదగిన యోచన. 2024 డిసెంబరులో ఇంటింటికి ప్రయోగముగా ఆరంభించిన గ్రామములలో సంగారెడ్డి జిల్లాలోని సంగుపేటయు నొకటి.

అయినను ఊరివరకు వచ్చిన తీగ బడిలోనికి వచ్చినట్లు కాదు. వచ్చిన తీగ నిలిచినట్లును కాదు. ఒక సంవత్సరము పరీక్ష రుసుముల పట్టీలు పంపవలసిన వారములో, రోడ్డు వెడల్పుచేయు యంత్రము ఒకటి తీగను త్రెంచివేసెను. మూడుదినములు మేము పట్టణములోని దుకాణములవెంట తిరిగి ఆ పని ముగించుకొంటిమి. ఒక్క దారి యున్నచోట ఆ దారి తెగినచో అంతయు ఆగును. రెండు దిక్కులనుండి వచ్చు వలయమైనచో ఒకటి తెగినను రెండవది నిలుచును. అధికారులను మేము కోరునది వేగముకంటె ముందు ఈ రెండవ దారిని. త్రవ్వునప్పుడే అవసరమునకు మించి పోగులు వేయుడనియు కోరుచున్నాము. నేడు చీకటిగా పడియున్న పోగు రేపు వెలుగును. మరల త్రవ్వుటకు మాత్రము పదింతలు నోచవలెను.

మనము చేయవలసినదియు కలదు. గాజుపోగు కొన నడిమిభాగముకంటె దుమ్ముకణము పెద్దది. ఒక్క కణము పడినచో వేల గృహముల వెలుతురు మందగించును. అందుచేత ఆ పనివారు కొనలను కలుపుటకు ముందు తుడిచి, పరీక్షించి, మరల తుడుతురు. పిమ్మట విద్యుత్ మెరుపుతో రెండు కొనలను కరిగించి ఒక్కటిగా చేయుదురు. ఈ పని నేర్చినవారు మన మండలములలో కొలదిమందియే. పెద్ద చదువుల కాశపడు బాలబాలికలకు కందిలోని ఐ.ఐ.టి. మన పూర్వపు జిల్లాలోనే యున్నది. చేతిపని యందు నేర్పుగలవారు ఈ అతుకుల విద్య నేర్చి, తమ యూరి తీగను తామే కాపాడుకొనవచ్చును. రెండును గౌరవమైన వృత్తులే.

తుదకు ఒక మాట. తరగతిలోనికి తీగ వచ్చినంతమాత్రమున విద్య వచ్చినట్లు కాదు. పదికోట్ల పాఠములు పట్టు పోగులో పదికోట్ల వ్యర్థ వినోదములును పట్టును. గాజు రెంటిని వేరుచేయదు. ఆ పని ఉపాధ్యాయులది, తలిదండ్రులది, ఎదిగినకొలది విద్యార్థులది. అందుచే తీగ తెప్పించుటయే గాక, ఏ గంటలో దేనికి వాడవలెనో మొదటనే నిర్ణయింపవలెనని మా యభిప్రాయము. సాయంకాలము బడి విడిచిన పిమ్మట ఒక గంట, ఇంట ఫోను లేని పిల్లలకు ఆ గది తెరచి యుంచవలెననియు మా విన్నపము. మొదటి వరుసలోని కుర్చీలు తండాలనుండి వచ్చువారికి కేటాయింపవలెను.

రాత్రివేళ చర్చి కిటికీలు నల్లగా నుండుట గాజు తప్పు కాదు. మన యూరిక్రింద పండియున్న గాజును నల్లగా నుంచుట మాత్రము మన తప్పగును. తలిదండ్రులు ఆలోచించి రాబోవు సమావేశములో తమ సమ్మతిని తెలుపవలెనని ప్రార్థించుచున్నాము.